వెంట రాని భార్య

"పరీక్ష రేపు పొద్దుగాల గదా. ఇంకా దీపాలు గూడ పెట్టలే. గంతల ఈ బస్తా అయిపోతది తియ్యి" అన్నది వాసవాంబ. అని ఊకున్నదా, బస్తా మూతి కుట్టు తెంపి కొత్త మిర్చిని కోడలి ముంగట కుప్ప పోసింది.

ఉస్మాన్‌గంజ్‌ల వాళ్ళకు కింద దుకాణం, పైన ఇల్లు. ఆ ఇంట్ల ఒక ఆనవాయితీ ఉన్నది. ఏటా మలక్‌పేట గంజ్ నుంచి కొత్త మిర్చి దిగినప్పుడు మొదటి బస్తా తొడిమెలు ఇంటి కోడలే తియ్యాలె. పనోళ్ళ చెయ్యి తగలొద్దు. గట్లయితేనే ఆ ఏడు బోణీ బాగుంటదట. బోణీ సంగతి దేవునికెరుక, కోడలి వేళ్ళు మాత్రం నాలుగు దినాలు మండుతనే ఉంటయి. వాసవాంబ గూడ కొత్త కోడలిగ ఉన్నప్పుడు తీసిందే. ఆ మంట చేతులతోనే అందరికీ పెరుగన్నం కలిపి పెట్టిందే. అందుకే ఆమెకు ఇందుల అన్యాయమేం కనబడదు. తనకు జరిగింది ఇంకొకరికి జరుగుతుంటే లోకం సక్కగ నడుస్తున్నదనుకునే రకం.

రేపు తీస్త అత్తమ్మా అన్న మాట స్రవ్య నోటిదాక వచ్చింది. నోట్లనే ఉండిపోయింది. కిందటి వారం ఒకసారి చదువుకోవాలన్నందుకు "తొడిమెలకు చేతులు కావాలె, చదువుకు చెవులు కావాలె, దేని పని దానిదే గదా" అని నవ్వింది అత్త. ఇగ స్రవ్య ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనిచ్చి, అందుల ఎవరో దొరసాని ఇంగ్లీషుల గడగడ మాట్లాడుతుంటే వినుకుంట, ఒక్కొక్క తొడిమె పుటుక్కున విరుస్తూ కూసున్నది.

ఆ పరీక్ష ఆమె కోసం కాదు, నిఖిలేష్ కోసం. పెండ్లైన కొన్నాళ్ళకే అతను కెనడా పోయిండు. ఆడ చదువైంది, కొలువు దొరికింది. ఇగ కావల్సింది పీఆర్ అనేటి పర్మనెంట్ ఠికానా ఒక్కటే. అది పాయింట్లను బట్టి ఇస్తరట. వయసుకు ఇన్ని, చదువుకు ఇన్ని, ఇంగ్లీషుకు ఇన్ని. పెండ్లైనోడైతే భార్య చదువు, భార్య ఇంగ్లీషు గూడ చూస్తరు. ఆడ అతని పని పర్మిట్ గడువు దగ్గరికొస్తున్నది. "నీకు మంచి స్కోరొస్తే మనకు జల్దీ అయితది స్రవ్యా. జర దిల్ పెట్టి చదువు" అన్నడు ఫోన్‌ల. మనకు అన్న మాటకు ఆమె మస్తు మురిసింది. ఆ పిచ్చి మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు చెంపలు వేసుకోవాలనిపిస్తది.

స్రవ్య పుట్టింది కార్వాన్‌ల. తండ్రి పోయినంక తల్లి సావిత్రి చిన్న కిరాణం నడిపి బీకామ్ దాక చదివిచ్చింది. పదో తరగతి దాక తెలుగు మీడియమే. తెలుగుల ఎంత మాట్లాడుతదో ఉర్దూల గూడ అంతే మాట్లాడుతది. కింద హమాలీలు లొల్లి పెడితే ఈమె మెట్ల మీద నిలబడి రెండు మాటలంటే సాలు, "జీ బహూజీ" అని సర్దుకుంటరు. దుకాణం బిల్లులు, జీఎస్టీ కిరికిరి అంతా ఆమెదే. గని ఉర్దూకు పాయింట్లు లేవు. బిల్లులకు గూడ లేవు.

తెల్లారి పరీక్ష హాల్ల వేలిముద్ర దగ్గరనే ఇజ్జత్ పోవుడు షురువైంది. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడలే. "గట్టిగా పెట్టండి మేడమ్." పెట్టింది. "తుడుచుకుని పెట్టండి మేడమ్." పెట్టింది. వెనక లైన్ల ఉన్న పిల్లలు, నెయిల్‌పాలిష్ చేతులోళ్ళు, తొంగి తొంగి చూస్తున్నరు. ఎర్రగ ఉబ్బిన తన వేళ్ళను ఏడ దాచుకోవాల్నో ఆమెకు తెల్వలే.

రాసేటివి ఎట్లనో గట్టెక్కినయి. మాట్లాడే పరీక్షల ఎదురుంగ ఒక పెద్దమనిషి కూసున్నడు. మీ ఇంట్ల మీకు ఇష్టమైన జాగ గురించి చెప్పమన్నడు. అంత ఇంట్ల తనకు ఇష్టమైన జాగ ఏదా అని ఆలోచించుకుంట, ఏం చేస్తున్నదో సోయి లేక, కండ్లు నలుసుకున్నది. ఇగ సూడు! నిప్పుల మూట విప్పి కంట్ల పోసినట్టయింది. నీళ్ళు ధారగ కారుతున్నయి. ముక్కు కారుతున్నది. ఆయన కంగారు పడి కాగితం రుమాలు ఇచ్చిండు, ఏమైందమ్మా అన్నట్టు ఇంగ్లీషుల అడిగిండు. నేను ఏడుస్తలేను, ఇది మిర్చి మంట, నిన్న తొడిమెలు తీసిన అని చెప్పాలె. తొడిమెను ఇంగ్లీషుల ఏమంటరు? ఆ ఒక్క మాట దొరకలే. దాని కోసం తడుముకుంట తడుముకుంట ఉన్న ఇంగ్లీషంతా పోయింది. "సారీ, చిల్లీ, హ్యాండ్, సారీ" అన్నది. ఇష్టమైన జాగ గురించి అడిగితే ఏడ్చిన ఆడమనిషిగ ఆయన కండ్లల్ల మిగిలిపోయింది. ఆటోల వస్తుంటే గూడ ఆమె ముఖం ఎత్తలే.

స్కోరొచ్చిన దినం నిఖిలేష్ అరవలే. అరిస్తే బాగుండు. "నాకు తెల్సు తియ్. తెలుగు మీడియం గదా, నేనే ఎక్కువ ఆశ పడ్డ" అన్నడు, గంజ్ నుంచి నాసి మిర్చి దిగినప్పుడు మామ అన్నట్టు, నెమ్మదిగ. మిర్చి సంగతి చెప్పాలనుకున్నది స్రవ్య. చెప్తే అతను అమ్మను అడుగుతడు, అమ్మ "నేను ఒద్దంటినా చదువుకోవద్దని?" అంటది, లొల్లి అయితది. నోరు మూసుకున్నది. మూసుకున్నందుకు ఇంకింత సిగ్గేసింది.

వారం తిరగలేదు, పక్కింటి విమలాదేవి సంత నుంచి వచ్చుకుంట మెట్ల కాడ ఆపింది. "నీ వల్ల మా నిఖిల్ మార్కులు తగ్గినయంట గదా పిల్లా? పాపం, వాడేమో గంత దూరంల ఒక్కడే కష్టపడవట్టె." స్రవ్య చేతుల పాలగిన్నె ఉన్నది. "అవునత్తమ్మా" అన్నది. ఏమనాలె ఇంక? అవునన్నది.

అప్పుడొచ్చిండు సోమశేఖర్. మలక్‌పేటల విదేశాల కాగితాలు చూసే ఆఫీసు నడుపుతడు. ఒక ఆదివారం తిన్నంక అందరు హాల్ల కూసున్నరు. బల్ల మీద ఫోన్ నిలబెట్టిండ్రు, ఫోన్ల నిఖిలేష్. స్రవ్య చాయ్ పళ్ళెం పట్టుకుని వంటింటి గడప మీద నిలబడ్డది.

"చూడుండ్రి వెంకటనారాయణ గారూ" అన్నడు సోమశేఖర్. "మేడమ్‌ను కలిపి చూపిస్తే బాబు పాయింట్లు కిందికి పోతయి. అదే మేడమ్ వెంట రాదని పెడితే ఒంటిమనిషి లెక్కనే చూస్తరు, పాయింట్లు పెరుగుతయి. పీఆర్‌కు పిలుపు జల్దీ వస్తది. పెండ్లైందని దాస్తలేము, పెండ్లాముందని చెప్తనే ఉన్నం. వెంట రాని భార్య, గంతే."

మామ వెంకటనారాయణ దుకాణంల బస్తా తూకం చూసినట్టు తల ఊపిండు. "మరి పిల్ల తర్వాత పోయేదెట్ల?"

"పీఆర్ వచ్చినంక బాబే స్పాన్సర్ చేస్తడు. ఏం ఫికర్ లేదు."

"కాగితం మీదనే గదా స్రవ్యా" అన్నడు ఫోన్లకెళ్ళి నిఖిలేష్. "ఉట్టిగ. నీకేం నొప్పి?"

ఆమె ఇంకా ఒక్క మాట గూడ అననేలేదు. నొప్పి ఉన్నదని అందరు ఎట్ల కనిపెట్టిండ్రో.

సోమశేఖర్ చాయ్ అందుకుని, "గని ఊకె రానంటే ఆఫీసరు నమ్మడు. మొగుని వెంట ఎందుకు పోవు అని అడుగుతడు. గట్టి కారణం పెట్టాలె" అని తను రాసుకొచ్చింది చదివిండు, అందరికి తెలిసెతందుకు తెలుగుల. "మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మామగారికి బీపీ, వేళకు గోలీలు ఇవ్వాలి. పొద్దున లేచింది మొదలు ఇంటి వంట, బట్టలు, వచ్చిపోయే చుట్టాలు, దుకాణంలో పనివాళ్ళకు చాయ్ టిఫిన్లు, దుకాణం బిల్లులు అన్నీ నేనే చూసుకుంటాను. ఇంట్లో పనిమనిషి కూడా లేదు. నేను లేకపోతే ఈ ఇల్లు ఒక్కరోజు కూడా నడవదు. అందుకని నా ఇష్టపూర్వకంగానే నా భర్త వెంట వెళ్ళడం లేదు."

చదువుడు అయిపోంగనే వెంకటనారాయణ పకపక నవ్విండు. "అబ్బ! ఏం కథ అల్లినవయ్యా సోమశేఖర్! వింటే నాకే నిజమనిపించింది."

"సూపరున్నది అంకుల్" అన్నడు నిఖిలేష్. "జర ఎక్కువైందేమో గని, పర్వాలేదు."

వాసవాంబకు మాత్రం కోపమొచ్చింది. "ఒక్కరోజు గూడ నడవదా? ఈ పిల్ల రాకముందు మేమేమన్న పస్తులున్నమా? ఇగ నా మోకాళ్ళు ఊరంత తెల్వాల్నా?"

"కాగితం మీదనే అమ్మా" అన్నరు అందరు ఒక్కసారే.

స్రవ్య గడప మీదనే నిలబడ్డది. అందుల అబద్ధమేది అని వెతుకుతున్నది ఆమె. మోకాళ్ళకు నూనె రాసేది తను. గోలీలు తీసిచ్చేది తను. ఎల్లమ్మ అని ఒకామె గిన్నెలకు బట్టలకు వచ్చేది, స్రవ్య కాపురానికొచ్చిన నెలకే "ఇంట్ల కోడలుండంగ ఇంకొకరెందుకు" అని మాన్పిచ్చిండ్రు. నందిని అని కాలేజీ దోస్త్ ఒకామె మలక్‌పేటల టాక్స్ ఆఫీసుల ఉంటది, రా నాతోని పని చెయ్యి అని పిలిస్తే "గంజ్‌ల మా ఇజ్జత్ ఏంగావాలె, మా కోడలు ఒకరి కింద కొలువు చేస్తదా" అన్నరు. ఇన్నేండ్లల్ల ఆమె చేసే పనిని ఒక్కకాడ పెట్టి పైకి చెప్పినోళ్ళు లేరు. ఇప్పుడొక బయటి మనిషి చెప్పిండు, అబద్ధమాడెతందుకు చెప్పిండు. ఇంటోళ్ళు అది అబద్ధమనే నవ్వుతున్నరు. అందరి ముంగట కొంగు జారినట్టు ఆమెకు ఒళ్ళంత సిగ్గు ముంచుకొచ్చింది. నవ్వేటోళ్ళకు లేని సిగ్గు తనకెందుకో తెల్వది. చాయ్ కప్పులు తీసుకుని లోపలికి పోయింది, కడిగింది.

నోటరీ ఆయన ముసలాయన. అఫ్జల్‌గంజ్ కాడ ఒక ఇరుకు గదిల కూసుంటడు. స్రవ్య దస్తకత్ పెట్టిన ఆ కాగితం మీద ముద్ర కొట్టబోయి ఆగి, అద్దాల మీదికెళ్ళి చూసి, "బేటీ, ఆప్ కీ మర్జీ సే హై నా?" అన్నడు. పక్కన మామ నిలబడ్డడు. "జీ" అన్నది స్రవ్య. ఆ ఒక్క జీ ఆమె గొంతుల ముల్లు లెక్క దిగి, మళ్ళ బయటికి రాలే. ఇష్టమా అని అడిగిన మొదటి మనిషికి అబద్ధం చెప్పింది.

ఇంకో చోద్యం వినుండ్రి. వెంట రాని భార్య గూడ డాక్టర్ పరీక్షలు చేయించుకోవాల్నట. రానిదానికి ఒళ్ళెందుకు చూపించాలె? అది చేయించుకోకుంటే రేపు స్పాన్సర్ చేసేతందుకు రాదట. పోయింది. గౌను తొడిగి ఎక్స్‌రే మిషన్‌కు ఛాతి ఆనిచ్చి నిలబడ్డది. నర్సు పిల్ల మంచిది, ముచ్చట పెడుతున్నది. "ఎప్పుడు పోతున్నరు మేడమ్ కెనడా?"

"నేను పోతలేను."

"మరి ఇవన్ని ఎందుకు?"

"మా ఆయన కోసం."

నర్సు మిషన్ దిక్కు తిరిగింది. "ఊపిరి గట్టిగ పీల్చుకుని ఆపండి" అన్నది. స్రవ్య ఆపింది. వదలమని చెప్పేదాక ఆపే ఉంచింది.

కార్వాన్‌ల తల్లి అడిగేది, "నీ వీసా ఏమైంది బిడ్డా?" అని. "నడుస్తున్నదమ్మా" అనేది. సావిత్రి దుకాణానికొచ్చే ఆగమ్మ అనే ముసలామెకు గూడ ఆ మాటే. పండుగకు వచ్చిన చుట్టాలకు గూడ అదే. అబద్ధమాడి అలవాటు లేని మనిషి, ఆడినప్పుడల్ల కొంగు వేలికి చుట్టుకునేది. తల్లి ఆ వేలినే చూసేది.

చలికాలంల పీఆర్ వచ్చింది. గంజంత మిఠాయి పంచిండ్రు. పంచిన డబ్బాలన్నీ స్రవ్యనే సర్దింది. విమలాదేవి నోట్ల లడ్డు పెట్టుకుని, "ఇగ నీ అదృష్టం పండింది పో" అన్నది. నిఖిలేష్ ఫోన్ల చానా మంచిగ మాట్లాడిండు. చలి కోటు కొంటనన్నడు. ఏ రంగు కావాలె అని గూడ అడిగిండు. ఆమెకు దుఃఖమొచ్చింది, మంచి మాటకే వచ్చింది. ఇన్నాళ్ళు లోపల తిట్టుకున్నందుకు తననే తప్పు పట్టుకున్నది. కోటు నీలం రంగుది కావాలన్నది.

ఆ వెనకనే కొత్త మిర్చి దిగింది.

బస్తా హాల్ల గోడకు ఆనిచ్చి ఉన్నది. సోమశేఖర్ మళ్ళ వచ్చిండు. ఫోన్ మళ్ళ బల్ల మీద నిలబడ్డది. ఈసారి స్రవ్యను గూడ కుర్చీల కూసోమన్నరు, స్పాన్సర్ కాగితాలు ఆమెవి గాబట్టి.

"ఒక్కటే చిక్కు" అన్నడు సోమశేఖర్. "అప్పుడు రానన్న మనిషి ఇప్పుడెట్ల వస్తున్నది అంటరు. దానికి రాసిన." చదివిండు. "మా అత్తగారి మోకాళ్ళు నయమైనవి. ఇంటి పనికి మనిషి దొరికింది. దుకాణం లెక్కలకు గుమాస్తా దొరికాడు. ఇప్పుడు నేను లేకపోయినా ఇల్లు నడుస్తుంది. అందుకని నా భర్త దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నాను."

"బాగున్నది" అన్నడు వెంకటనారాయణ. "దస్తకత్ పెట్టు స్రవ్యా. పెట్టి జర ఆ మిర్చి సంగతి చూడు, ఇయ్యాల మంచి దినం."

స్రవ్య పెన్ను పట్టుకున్నది. పట్టుకుని ఆగింది. "ఎవరు దొరికిండ్రు మామయ్యా?" అన్నది.

"ఆఁ?"

"ఇంటి పనికి మనిషి దొరికిందన్నరు గదా. ఎవరు? ఎల్లమ్మ మళ్ళ వస్తున్నదా?"

వాసవాంబ మూతి తిప్పింది. "ఎల్లమ్మ ఎందుకొస్తది? నువ్వు పోయేదాక నువ్వున్నవ్ గదా. ఎట్లయినా ఏడాది పైన్నే పడ్తదంట."

"అంటే ఎవరు దొరకలే."

"ఉట్టిగ రాసుడే స్రవ్యా" అన్నడు ఫోన్ల నిఖిలేష్, ఇసుక్కుంట. "కాగితం మీద. అప్పుడు పెట్టలేదా దస్తకత్?"

పెట్టింది. అప్పుడు అబద్ధం మీద పెడుతున్ననని కుమిలి కుమిలి పెట్టింది. ముసలి నోటరీకి ముఖం చూపలేక, తల్లికి చెప్పలేక ఏడాది పొడుగున సచ్చి బతికింది. ఆ కాగితంల ఒక్క మర్జీ మాట తప్ప మిగతాదంత నిజమే. అది తనకొక్కదానికి తెల్సు, తెల్సి గూడ నవ్వుతున్నోళ్ళ ముంగట తలకాయ వంచుకున్నది. అందరికన్న ఎక్కువ అదే సిగ్గనిపించింది ఇప్పుడు. గొంతుల ఇరుక్కున్న ముల్లు కదిలింది.

"అది నిజమండీ" అన్నది. "అప్పుడు రాసింది నిజం. మీరంత నవ్విండ్రు గని, అందుల ప్రతి పని నేను చేసిందే. ఇదే అబద్ధం. మనిషి దొరకలే, గుమాస్తా దొరకలే. అబద్ధం మీద నేను దస్తకత్ పెట్ట."

సోమశేఖర్ చాయ్ కప్పు కింద పెట్టిండు. "ఏం మాట్లాడుతున్నవ్? నీకు రావాలని లేదా?" అన్నడు నిఖిలేష్.

"తెల్వది. రానని మీరే రాసుకున్నరు. వస్తనని గూడ మీరే రాసుకున్నరు. నేనింకా ఆలోచించుకోనే లేదు. ఆలోచించుకుని చెప్త." ఆమె ఫోన్‌ల ఆ ముఖాన్ని చూసింది. "కోటు కొనకుండ్రి అప్పటిదాక."

లోపలికి పోయి నాలుగు జతల బట్టలు సంచిల పెట్టుకున్నది. నందినికి రేపటి సంది పనికి వస్తున్నని ఫోన్‌ల ఒక మెసేజ్ కొట్టింది. ఆమెకు ధైర్యం పొంగుకొచ్చిందంటే ఉత్తమాట. సంచి పట్టుకుని హాల్లకెళ్ళి నడుస్తుంటే ముఖం కాలుతున్నది. కింద హమాలీలు చూస్తరని, గంజ్ అంత ముచ్చట పెడ్తరని, కార్వాన్‌ల తల్లికి ఏం చెప్పాల్నో అని సిగ్గు కాళ్ళకు చుట్టుకుంటనే ఉన్నది. చుట్టుకోనీ. దాంతోనే గడప దాటింది.

"ఏడికే?" వాసవాంబ మెట్ల మీదికి ఉరికొచ్చింది, మోకాళ్ళు పట్టుకుని. ఆమె గొంతుల కోపం కన్న బెదురే ఎక్కువున్నది. "మిర్చి ఎవరు తీస్తరు? రాత్రికి వంట? ఇంట్ల పని ఎవరు చేస్తరే?"

స్రవ్య సగం మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి చూసింది.

"నేనే చేస్తున్న గదా అత్తమ్మా" అన్నది. "కాగితం మీద."